గీసెన్ ప్రయోగశాల: ఒక చిన్న విశ్వవిద్యాలయములో రసాయన విద్య

రసాయనశాస్త్రము చదువు విద్యార్థి ప్రయోగశాలలో ప్రవేశించగానే ఉపాధ్యాయుడు అతనికి పేరు తెలియని లవణమును ఒక పొట్లములో నిచ్చును. విద్యార్థి దానిని నీటిలో కరగించి, ఆమ్లములను, క్షారములను కలిపి, ఏర్పడిన అవక్షేపముల రంగులను చూచి, అందలి మూలకములను గుర్తించును. కొంత నేర్పు కలిగిన పిమ్మట త్రాసు పట్టి తూచును. తరువాత క్రొత్త పదార్థములను స్వయముగా తయారుచేయును. ఈ వరుస మన కళాశాలలన్నిటను పాతుకొనిపోయినది. అందుచే ఇది శాస్త్రముతోపాటే పుట్టినదని తోచుట సహజము. కాని యథార్థ మది కాదు. ఈ పద్ధతి గట్టిపడి రెండు వందల యేండ్లు మాత్రమే అయినది. దానికి రూపమిచ్చినది పారిస్ వంటి మహానగరము కాదు. జర్మనీలోని గీసెన్ అను చిన్న ఊరు.

నాటి రసాయన విద్య

పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున ఐరోపా విశ్వవిద్యాలయములలో రసాయనశాస్త్రమునకు స్వతంత్ర ప్రతిపత్తి తక్కువ. పెక్కుచోట్ల అది వైద్యమునకు, మందుల తయారీకి తోడుగా నుండు విద్య. ఆచార్యుడు ఉపన్యసించును, బల్లపై ఒకటి రెండు ప్రయోగములు చేసి చూపును, విద్యార్థులు చూచి వ్రాసికొందురు. ఒడ్డున కూర్చుండి ఈత నేర్చుకొనుట యెట్టిదో ఆ చదువు అట్టిది. స్వహస్తములతో పనిచేయగోరువాడు మందుల అంగడిలో శిష్యుడుగా చేరవలెను. లేదా ఏ మహాశాస్త్రజ్ఞుని అనుగ్రహమునైన సంపాదించి, అతని సొంత ప్రయోగశాలలో చోటు పొందవలెను. స్వీడన్‌లో బెర్జీలియస్, పారిస్‌లో గే-లుసాక్ అట్టి శాస్త్రజ్ఞులు. వారు ఒకరిద్దరిని మాత్రమే చేర్చుకొనెడివారు. అనుగ్రహము లభించినవాడు ధన్యుడు. లభించనివానికి వేరు దారి లేకుండెను.

ఈ లోపమును తన విద్యార్థి దశలోనే అనుభవించినవాడు యూస్టస్ లీబిగ్.

లీబిగ్ విద్యాభ్యాసము

లీబిగ్ 1803 మే 12వ తేదీన డార్మ్‌స్టాట్ నగరమున జన్మించెను. అతని తండ్రి రంగులను, మందు సరకులను అమ్మెడి వర్తకుడు. కొన్ని సరకులను ఇంటియొద్దనే తయారుచేసెడివాడు. ఆ పనులను చూచుచు, కొన్నిటిలో చేయి కలుపుచు బాలుడు పెరిగెను. నగరములోని ప్రభువుల గ్రంథాలయమునుండి రసాయన గ్రంథములు తెచ్చుకొని, అవి అలమరలో ఏ వరుసలో నున్నవో ఆ వరుసలోనే చదివెను. సంతలో ఒకడు ప్రేలుడు టపాకాయలకు వెండి రసాయనమును తయారుచేయగా చూచి, ఇంటికి వచ్చి తానును చేసెను.

పాఠశాలలో మాత్రము అతడు వెనుకబడిన విద్యార్థి. పెద్దవాడవై ఏమి కాదలచితివని ఉపాధ్యాయుడు ఒకనాడు అడుగగా, రసాయన శాస్త్రజ్ఞుడ నగుదునని లీబిగ్ బదులు చెప్పెను. తరగతి యంతయు ఘొల్లున నవ్వినదని అతడే తరువాత వ్రాసికొనెను. రసాయనము ఒక జీవనవృత్తి కాగలదని ఆనాడెవరికిని తోచలేదు. తండ్రి అతనిని హెప్పెన్‌హైమ్ గ్రామమున ఒక మందుల వ్యాపారివద్ద చేర్చెను. సంవత్సరమైన నిండకుండనే అతడు తిరిగి వచ్చెను.

పిమ్మట అతడు బాన్ విశ్వవిద్యాలయములో కాస్ట్‌నర్ అను ఆచార్యుని శిష్యుడయ్యెను. 1821లో గురువు ఎర్లాంగెన్ నగరమునకు మారగా, శిష్యుడును వెంట వెళ్లెను. ఖనిజములను విశ్లేషించు విధానమును నేర్పెదనని కాస్ట్‌నర్ మాట యిచ్చియుండెను. కాని దురదృష్టవశమున ఆయనకే అది సరిగా తెలియదు. రసాయనము నేర్చుకొనుటకే విశ్వవిద్యాలయమున చేరిన విద్యార్థికి అచ్చట దానిని నేర్పువారు లేకపోయిరి.

1822లో హెస్సె ప్రభువు ఇచ్చిన విద్యార్థివేతనముతో లీబిగ్ పారిస్ వెళ్లెను. అచటి ఉపన్యాసములలో కొలతకును, ఋజువునకును గల ప్రాధాన్యము అతనిని ఆకర్షించెను. 1823లో ప్రేలుడు లవణములను గూర్చిన అతని పరిశోధన ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఎదుట చదువబడెను. సుప్రసిద్ధుడైన అలెగ్జాండర్ హంబోల్ట్ దృష్టి ఆ యువకునిపై పడెను. ఆయన సిఫారసు వలన గే-లుసాక్ తన సొంత ప్రయోగశాలలోనికి లీబిగ్‌ను రానిచ్చెను. ఆ విధముగా అతడును అనుగ్రహము వలననే విద్య పొందెను. సిఫారసుతో పనిలేకుండ, రుసుము చెల్లించి చేరిన ప్రతి విద్యార్థికి అట్టి శిక్షణ లభించునట్లు చేయుటయే తరువాత అతని జీవితకార్య మయ్యెను.

కావలి భవనములో ప్రయోగశాల

1824 మే నెలలో హెస్సె ప్రభువు లీబిగ్‌ను గీసెన్ విశ్వవిద్యాలయములో ఆచార్యునిగా నియమించెను. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరములు. నియామకమునకు ముందు విశ్వవిద్యాలయమును సంప్రదించలేదు. కావున తోటి ఆచార్యులు అతనిని ఆదరముతో చూడలేదు. 1607లో స్థాపింపబడిన ఆ విశ్వవిద్యాలయము చిన్నది. విద్యార్థులు కొలది వందలమంది మాత్రమే. లాన్ నది ఒడ్డునగల ఆ ఊరి జనాభా కొన్ని వేలు. రసాయనశాస్త్రమునకు అదివరకే జిమ్మర్మన్ అను ఆచార్యుడు కలడు. 1825లో ఆయన నదిలో మునిగి మరణించగా, ఆ స్థానము పూర్తిగా లీబిగ్‌కు వచ్చెను.

అతనికి లభించిన ప్రయోగశాల ఒక పాత సైనిక స్థావరములోని కావలి భవనము. పనిచేయుటకు ఒక్క గది. నడుమ బొగ్గుల పొయ్యి. విషవాయువులు వెలువడెడి పనులను భవనము ముందరి స్తంభముల వసారాలో, ఆరుబయటి గాలిలో చేయవలసి వచ్చెడిది. పై అంతస్తులో లీబిగ్ కుటుంబము నివసించెడిది. ప్రభుత్వమిచ్చు సొమ్ము చాలనందున, బొగ్గులకును, రసాయనములకును అతడు తన స్వల్ప జీతమునుండియే చాలవరకు వెచ్చించెను.

మందుల తయారీని, పరిశ్రమలకు వలయు రసాయనమును నేర్పు ఒక విద్యాలయమును విశ్వవిద్యాలయములో భాగముగా నెలకొల్పవలెనని అతడును, ఇద్దరు సహోద్యోగులును కోరిరి. విశ్వవిద్యాలయ సభ దానిని తిరస్కరించెను. తమ బాధ్యత ప్రభుత్వోద్యోగులను తీర్చిదిద్దుటయే గాని మందులవారిని, సబ్బు చేయువారిని, అద్దకపువారిని తయారుచేయుట కాదని వారి వాదము. చేతిపని విశ్వవిద్యాలయమునకు తగదనుటయే దాని సారము. లీబిగ్ వెనుదీయక, 1826లో దానిని సొంత సంస్థగా ప్రారంభించెను. ఖనిజశాస్త్రమును, గణితమును సహోద్యోగులు బోధించిరి. రసాయనమును తాను బోధించెను. విద్యార్థులు చెల్లించిన రుసుములే దానికి ఆధారము. వారు తొలుత ఎక్కువగా మందుల వ్యాపారమునకు సిద్ధపడు యువకులే. సుమారు పదేండ్లలో ప్రభుత్వము ఆ సంస్థ విలువను గుర్తించి, దానిని విశ్వవిద్యాలయములో కలుపుకొనెను.

అక్షరములు వేసిన సీసాలు

గీసెన్‌లో రసాయన విద్య మెట్లు మెట్లుగా సాగెడిది. క్రొత్తగా చేరిన విద్యార్థికి అక్షరములు మాత్రమే గుర్తుగా వేసిన సీసాల వరుస నొసగెడివారు. సీసాలో ఏమున్నదో దానిపై వ్రాసియుండదు. దానిని కనుగొనుటయే విద్యార్థి పని. ఒక సీసాలోని పదార్థమును సరిగా గుర్తించిన పిమ్మట రెండవది. పలుకుబడిలో వలె, రసాయనములోను ఓనమాలు దిద్దిన తరువాతనే వాక్యమునకు పోవలెనని దీని భావము. ఇది ముగిసిన తరువాత, పదార్థములో ఏది యెంత గలదో తూచి తెలిసికొను అభ్యాసము. ఆ పిమ్మట శుద్ధమైన రసాయనములను తయారుచేయు పని. ఈ మెట్లన్నియు ఎక్కినవానికి, ఎవరును అదివరకు సాధించని ఒక చిన్న సమస్యను లీబిగ్ ఇచ్చెడివాడు.

ప్రారంభ విద్యార్థులకు అనుభవజ్ఞులైన సహాయకులు నేర్పెడివారు. పరిశోధన చేయువారిని లీబిగ్ స్వయముగా చూచుకొనెడివాడు. ప్రతి ఉదయము ప్రతి విద్యార్థియు, నిన్న తాను చేసినదేమో, నేడు చేయదలచిన దేమో విన్నవింపవలెను. లీబిగ్ దానిని ఆమోదించును, లేదా ఆక్షేపించును. కాని దారి మాత్రము విద్యార్థియే వెదకికొనవలెను. ఒకరి పనిని గూర్చి చెప్పుచుండగా మిగిలినవారు వినుటవలన, ఒక్కని అనుభవము అందరికిని పాఠమయ్యెడిది.

ఐదు గాజుబుడ్డెలు

ఇట్టి పద్ధతి సాగవలెనన్న, సామాన్య విద్యార్థి సైతము నమ్మదగిన ఫలితము పొందగల సాధనము కావలెను. జీవపదార్థముల విశ్లేషణము అప్పట్లో మిక్కిలి కష్టమైన పని. పదార్థమును దహించినపుడు పుట్టు బొగ్గుపులుసు వాయువును పాదరసముపై పట్టి, దాని ఘనపరిమాణమును కొలువవలసియుండెను. అందుకు బెర్జీలియస్ వంటి నిపుణుని హస్తము కావలెను. ఆయనకును నెలల తరబడి పట్టెడిది.

1831లో లీబిగ్ దీనికి సులభోపాయమును ప్రకటించెను. వాయువును కొలుచుటకు బదులు దానిని తూచుటయే ఆ యుపాయము. పదార్థమును రాగి ఆక్సైడుతో కలిపి, గట్టి గాజు గొట్టములో నుంచి, నిప్పులతో వేడిచేయవలెను. అందలి ఉదజని నీటియావిరిగా మారి, ముందున్న కాల్షియం క్లోరైడు గొట్టములో చిక్కుకొనును. కర్బనము బొగ్గుపులుసు వాయువుగా మారి, దాని తరువాతనున్న త్రికోణాకారపు గాజు పరికరములోనికి పోవును. అందు ఐదు చిన్న బుడ్డెలు, వానిలో పొటాష్ ద్రావణము కలవు. వాయువు బుడగలు బుడగలుగా ఒక బుడ్డెనుండి మరియొకదానికి పోవుచు, పూర్తిగా పీల్చుకొనబడును. దహనమునకు ముందును, తరువాతను ఈ రెండు పరికరములను తూచిన చాలును.

ఉదాహరణమునకు, 0.46 గ్రాముల శుద్ధ సారాయమును దహించితిమనుకొందము. కాల్షియం క్లోరైడు గొట్టము బరువు 0.54 గ్రాములు, బుడ్డెల బరువు 0.88 గ్రాములు పెరుగును. నీటిలో తొమ్మిదవ వంతు ఉదజని. కావున ఉదజని 0.06 గ్రాములు. బొగ్గుపులుసు వాయువు 44 భాగములలో 12 భాగములు కర్బనము. కావున కర్బనము 0.24 గ్రాములు. ఈ రెంటిని 0.46 నుండి తీసివేయగా మిగిలిన 0.16 గ్రాములు ఆమ్లజని. నేటి పరమాణుభారములైన 12, 1, 16 లచే వరుసగా భాగించినచో 0.02, 0.06, 0.01 వచ్చును. అనగా కర్బన పరమాణువులు రెండు, ఉదజని ఆరు, ఆమ్లజని ఒకటి. మహాశాస్త్రజ్ఞుల ప్రతిభకు మాత్రమే సాధ్యమైన పని ఈ విధముగా విద్యార్థి అభ్యాసమైనది. త్రాసు చక్కగా నుండి, ఓపిక కలవాడెవడైనను కొలది గంటలలో దీనిని చేయవచ్చును. అమెరికా రసాయన సంఘము తన చిహ్నములో నేటికిని ఈ బుడ్డెల రూపమును నిలుపుకొన్నది.

ఫలితములను లోకమునకు తెలుపుటకు గూడ లీబిగ్‌కు సాధనము చేతనే యుండెను. అతడు 1832 నుండి ‘అన్నాలెన్’ అను పత్రికకు సంపాదకత్వము వహించెను. విద్యార్థి చేసిన పని చక్కగానున్నచో, అతని పేరుతోనే అందు ప్రచురితమయ్యెడిది.

ఊరు చిన్నదగుట

విద్యార్థులకు ప్రయోగములు నేర్పిన మొదటివాడు లీబిగే అని కొన్ని పుస్తకములలో గలదు. అది సరికాదు. గ్యోటింగెన్‌లో ష్ట్రోమైయర్, ఎర్‌ఫుర్ట్‌లో ట్రోమ్స్‌డోర్ఫ్, గ్లాస్గోలో థామస్ థామ్సన్ అంతకుముందే విద్యార్థులచే ప్రయోగములు చేయించిరి. 1818లో ఆచార్యుడైన థామ్సన్‌కు పెద్ద పారిశ్రామిక నగరపు అండ గలదు. అయినను అతని శిష్యులు చాలవరకు ఖనిజముల విశ్లేషణములోనే నిలిచిరి. పరమాణుభారములను గూర్చి అతడు ప్రకటించిన ఫలితములను బెర్జీలియస్ తీవ్రముగా ఖండించెను. గీసెన్‌లోనో, సాధించవలసిన సమస్యలు అపారముగానున్న క్రొత్త క్షేత్రము, దానికి తగిన సులభసాధనము, క్రమబద్ధమైన పాఠ్యవిధానము, ఫలితములను ప్రకటించు పత్రిక, యౌవనోత్సాహముగల గురువు ఒక్కచోట కూడిరి.

ఊరు చిన్నదగుటయు లోపము కాలేదు. అచట విద్యార్థి మనస్సును లాగు వినోదములు లేవని లీబిగే తరువాత తలచుకొనెను. ఉదయపు వెలుగు మొదలు చీకటి పడువరకు వారు పనిచేసిరి. గది ఊడ్చుకొనవలెనన్నను సాయంకాలము విద్యార్థులు కదలరని ప్రయోగశాల సేవకుని నిత్యఫిర్యాదు. గురుకులములో వలె గురుశిష్యులు ఒకే కప్పు క్రింద గడిపిరి. పెద్ద విశ్వవిద్యాలయములో రసాయనము అనేక శాస్త్రములలో ఒకటి. గీసెన్‌లో కొలది కాలమునకే అది ఊరికే పేరు తెచ్చిన శాస్త్రమయ్యెను.

ఐతే ఆ దినములను కేవలము స్వర్ణయుగమని పొగడుట తగదు. ఇరుకు గదిలోని పొగలు, ఆవిరులు అందరి ఆరోగ్యమునకును హానికరములు. 1839లో భవనమును విస్తరించినపుడే, విషవాయువులను పొగగొట్టములోనికి పంపు గాజుతలుపుల అలమరలు గల మంచి ప్రయోగశాల ఏర్పడెను. లీబిగ్ కోపిష్ఠి, ఇతర శాస్త్రజ్ఞులతో అతని వాదములు తరచు కలహములయ్యెను. ఆ కాలపు జర్మను విశ్వవిద్యాలయములలో స్త్రీలకు ప్రవేశము లేనందున, ఆ బల్లలయొద్ద పురుషులు మాత్రమే నిలిచిరి.

శిష్యులు, ప్రశిష్యులు

28 సంవత్సరములలో ఏడు వందలకు పైగా విద్యార్థులు గీసెన్‌లో రసాయనమును, ఔషధశాస్త్రమును నేర్చిరి. ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యా, అమెరికా, మెక్సికో దేశములనుండియు వారు వచ్చిరి. అందిద్దరి చరిత్ర ప్రత్యేకముగా చెప్పదగినది.

ఆగస్ట్ విల్‌హెల్మ్ హోఫ్‌మన్ గీసెన్ ఊరివాడే. ప్రయోగశాల విస్తరణకు నమూనా వేసిన శిల్పి అతని తండ్రి. హోఫ్‌మన్ న్యాయశాస్త్రము చదువుటకై విశ్వవిద్యాలయమున చేరి, లీబిగ్ బోధకు ఆకర్షితుడై రసాయనమునకు మారెను. ఆగస్ట్ కెకూలె 1847లో శిల్పశాస్త్రము చదువుటకు వచ్చెను. అతడును లీబిగ్ ఉపన్యాసములు వినిన పిమ్మట దారి మార్చుకొనెను. బెంజీను అణువునకు వలయాకార నిర్మాణమును 1865లో ప్రతిపాదించినవాడు ఈ కెకూలెయే. పై చదువులకు ద్వారములు మూసుకొనని విశ్వవిద్యాలయము, ప్రవేశద్వారమున వ్రాసికొన్న పాఠ్యవిషయముకన్న విద్యార్థి మనస్సుకు విలువ యిచ్చినచో ఎట్టి ఫలము కలుగునో ఈ ఇద్దరును నిదర్శనములు.

హోఫ్‌మన్ 1843లో తారునుండి లభించు క్షారములను పరిశోధించెను. 1845లో లండనులో క్రొత్తగా నెలకొల్పిన రసాయన కళాశాలకు అధిపతియై, గీసెన్ పద్ధతిని అచట ప్రవేశపెట్టెను. అతని శిష్యుడు విలియం పెర్కిన్ 18 ఏండ్ల వయస్సున, 1856లో, క్వినైను తయారుచేయబోయి ఊదారంగు నిచ్చు కృత్రిమవర్ణమును కనుగొనెను. దానితో కృత్రిమవర్ణముల పరిశ్రమ ఆరంభమయ్యెను. కెకూలె శిష్యుడైన బేయర్ నీలిమందును ప్రయోగశాలలో తయారుచేసి, 1883 నాటికి దాని నిర్మాణమును నిరూపించెను. 1897లో జర్మను కంపెనీ కృత్రిమ నీలిమందును అంగడికి తెచ్చెను. దాని దెబ్బ తెలుగు నేలపైనను పడెను. కడప, కర్నూలు జిల్లాలలో రైతులు పండించిన నీలికి, దానిని నానవేసిన తొట్లకు గిరాకీ తగ్గి, ఆ పంట క్రమముగా అంతరించెను. సబ్బు చేయువారి విద్య మనకేల యని గీసెన్ సభ త్రోసిపుచ్చిన విద్య, రెండు మూడు తరములలో, సముద్రముల కావలి రైతు బ్రతుకును తాకినది.

అదే గురుపరంపర మరియొక దారిని మన విద్యాలయమునకును వచ్చినది. పెర్కిన్ కుమారుడు, అదే పేరుగల రసాయనజ్ఞుడు, మ్యూనిక్‌లో బేయర్‌వద్ద పనిచేసెను. అతని శిష్యుడు రాబర్ట్ రాబిన్‌సన్. మాంచెస్టర్‌లో రాబిన్‌సన్‌వద్ద పరిశోధన చేసి 1929లో పట్టము పొందినవాడు టి. ఆర్. శేషాద్రి. ఆయన 1934లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, రసాయనశాస్త్ర శాఖను తీర్చిదిద్దెను. 1926లో స్థాపింపబడిన ఆ విశ్వవిద్యాలయము అప్పటికింకను చిన్నదే. ప్రత్తిపూవులు మొదలగు దేశీయ పుష్పములలోని రంగుపదార్థములను శేషాద్రియు, ఆయన శిష్యులును పరిశోధించిరి. చేరువనున్న పదార్థమును తీసికొని, క్రమముగా విశ్లేషించి, ఫలితమును ప్రకటించుట అను గీసెన్ సూత్రమే అందును కనబడును. 1949లో శేషాద్రి ఢిల్లీకి వెళ్లునప్పటికి, ఆయన తీర్చిన శిష్యులు తామే గురువులైరి.

గీసెన్ నేర్పునది

లీబిగ్ 1852లో మ్యూనిక్‌కు వెళ్లెను. ప్రయోగశాలలో విద్యార్థులకు శిక్షణ యిచ్చు భారము తనపై నుండరాదని అప్పుడు కోరెను. ఆ పని అతనిని అంతగా అలయించియుండెను. 1873 ఏప్రిల్ 18న మరణించెను. అతని పాత ప్రయోగశాల 1920 నుండి ప్రదర్శనశాలగా నున్నది. విశ్వవిద్యాలయము అతని పేరనే పిలువబడుచున్నది.

గీసెన్ చరిత్రలో ధనము, భవనములు, పరికరములు ముందు రాలేదు. ముందు వచ్చినవి మూడు: విద్యార్థి స్వయముగా చేయగల పని, దానిని సులభము చేసిన చవుక సాధనము, ప్రతి ఉదయము అతని మాటను వినిన గురువు. భవనము వీని తరువాత వచ్చెను. విద్యార్థికి సీసా నిచ్చి, అందేమున్నదో ముందుగా చెప్పివేయు ఉపాధ్యాయుడు అతనికి సమాధానము నొసగును. చెప్పక వేచియుండు ఉపాధ్యాయుడు అతనికి శాస్త్రము నొసగును. దానికి పెద్ద విశ్వవిద్యాలయము అక్కరలేదు. పదిమంది విద్యార్థులు, కొన్ని పరీక్షనాళికలు, ఒక మంచి త్రాసు చాలును.